ఎర్రంకెల బోర్డు తరఫున నా వాదన

రోగికి మందు అవసరమని ఎవరో పనిలేనివాళ్ళు పుట్టించారు. రోగికి కావలసింది నంబరు! మందు లేకపోయినా మనిషి కొన్నాళ్ళు ఈడ్చుకొస్తాడు. నంబరు లేకపోతే ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

ఊరికే అనడం లేదు. మన సర్కారు ఆసుపత్రి మందుల హాల్లో, నాలుగు కిటికీల నెత్తిన, ఎర్రగా మెరిసే నాలుగంకెల ఎల్‌ఈడీ బోర్డు ఉంది కదా. దాని మీద ఈమధ్య లేనిపోని నిందలు పడుతున్నాయి. ఆ బోర్డు వచ్చాకే మా పిన్ని చేతికి వేరేవాళ్ళ మాత్రలు వచ్చాయట. ఆ బోర్డు వచ్చాకే కిటికీలో మందులిచ్చే ఆవిడకి మెమో వచ్చిందట. పిన్ని ఫిర్యాదు కాగితం మీద సంతకం పెడితే ఆవిడ ఉద్యోగం ఊడుతుందట.

అన్నీ నిజాలే. అయితే మాత్రం బోర్డు ఏం చేసింది? నోరూ వాయీ లేని వస్తువు. దాని తరఫున మాట్లాడే దిక్కు లేదు. అందుకని నేను మాట్లాడుతున్నాను.

బోర్డు రాకముందు ఆ హాలు ఎలా ఉండేదో అప్పుడే మరిచిపోయారా? నాలుగు కిటికీలు, లోపల నలుగురు మనుషులు, బయట నాలుగు గుంపులు. మోచేతిలో బలమున్నవాడికి ముందు మందు. నడుం నొప్పి ఆయన మోకాళ్ళ నొప్పి ఆవిడని పక్కకి నెట్టేంత చురుగ్గా ఉండేవాడు. అంతకన్నా ఘోరం, జనం ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునేవారు. "మీకూ లేవన్నారా? మాకూ అదే చెప్పారు" అని నలుగురు అనుకోగానే, "పదండి, లోపలికెళ్ళి అడుగుదాం" అని ఐదోవాడు లేచేవాడు. ఆ ఐదోవాడు చాలాసార్లు నేనే.

ఇప్పుడో? అందరూ బెంచీల మీద కుదురుగా కూర్చుని, మెడ ఎత్తి, బోర్డు చూస్తారు. తలెత్తుకు బతకండ్రా అని పెద్దలు మొత్తుకుంటే విననివాళ్ళం, ఒక్క బోర్డు చెబితే విన్నాం. మెడలు పట్టేస్తున్నాయంటారా? మెడలకు వేరే విభాగం ఉంది. అక్కడా టోకెను ఇస్తారు.

పక్కన కూర్చున్నది తోడబుట్టినవాడైనా ఇప్పుడు పలకరించరు. తల తిప్పితే ఆ కాస్తలో నంబరు దాటిపోతుందని భయం. ఒకాయన తుమ్ము వస్తే ముక్కు నలుపుకుని ఆపుకోవడం నేను కళ్ళారా చూశాను. తుమ్మితే కళ్ళు మూతపడతాయి కదా! దేశాలు సైన్యాలకి కూడా నేర్పలేని క్రమశిక్షణ ఇది.

ఇంతకీ ఈ బోర్డు ఎక్కడినుంచి ఊడిపడింది? నా షాపులోంచి.

టోకెన్లు పెట్టండి, వరసగా పిలవండి అని మేం గేటు ముందు కూర్చుని గొంతులు చించుకున్నాం. సూపరింటెండెంటు గారు ఓపిగ్గా విన్నారు. బోర్డు కొనాలంటే పైనుంచి మంజూరు రావాలి, అది వచ్చేసరికి ఈ రోగులు ఉండరు, కొత్త రోగులు ఉంటారు అన్నారు. అయితే నేనే చేసిస్తానన్నాను. నేను మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసేవాణ్ణి. కాలేజీ గేటు దాటింది అక్కడి ఫ్యాన్లు విప్పడానికే. నా కరెంటు చదువంతా షాకులు కొట్టించుకుని నేర్చుకున్నదే.

అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్, అంటే బుల్లి కంప్యూటరు ముక్క, ఒకటి తెచ్చాను. సరదాకి దీపాలూ మోటార్లూ ఆడించుకునేవాళ్ళు వాడే రకం. కొంచెం ఓపిక పట్టండి, ఇక్కడ నాలుగు ముక్కలు సైన్సు చెప్పక తప్పదు. తర్వాత జరిగిందంతా ఈ సైన్సు వల్లే.

బోర్డు మీద ఒక్కో అంకెకి ఏడు గీతలుంటాయి. ఏడూ వెలిగిస్తే ఎనిమిది. నడిమి గీత ఆర్పితే సున్నా. నాలుగంకెలకీ విడివిడిగా వైర్లు లాగాలంటే ఆ చిన్న ముక్కకి వైర్లు తగిలించే కాళ్ళు అన్ని లేవు. అందుకని ఒక కిటుకు ఉంది. నాలుగంకెలకీ కలిపి అవే ఏడు వైర్లు. మొదటి అంకె వెలిగించి ఆర్పు, రెండోది వెలిగించి ఆర్పు, మూడోది, నాలుగోది, మళ్ళీ మొదటికి రా. ఏ క్షణంలో చూసినా వెలిగేది ఒక్కటే. మిగతా మూడూ చీకట్లో ఉంటాయి. కానీ తిప్పే వేగానికి మన కన్ను బోల్తా పడుతుంది. నాలుగూ కలిసి వెలుగుతున్నాయని ఒట్టేసి మరీ చెబుతుంది. దీన్నే మల్టీప్లెక్సింగ్ అంటారు. సినిమా హాలుతో సంబంధం లేదు గానీ, కనికట్టు మాత్రం ఇక్కడా ఉంది.

బోర్డు బిగించిన రోజు సూపరింటెండెంటు గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిచ్చెన కింద నిలబడ్డారు.

"ఇంత పెద్ద బోర్డుకి ఇన్నే వైర్లా?"

"అంతే సార్. ఒకసారికి ఒక్క అంకే వెలుగుతుంది. గబగబా తిప్పుతున్నాం, అందుకని నాలుగూ ఉన్నట్టు కనిపిస్తాయి."

"మిగతా మూడూ?"

"ఆరిపోయే ఉంటాయి."

"ఎవరికీ తెలీదూ?"

"తిప్పుతున్నంతసేపూ తెలీదు సార్."

"నెమ్మది చేస్తే?"

"అప్పుడు తెలిసిపోతుంది."

ఆయన టీ తాగడం మానేశారు. బోర్డు కింద ఉన్న నాలుగు కిటికీల వంక అటు చివరినుంచి ఇటు చివరిదాకా చూశారు. మళ్ళీ ఇటునుంచి అటు చూశారు.

"చాలా పెద్ద విషయం చెప్పావయ్యా" అన్నారు. నేను రెండు మెట్లు దిగితే నా భుజం తట్టారు. సర్కారు చెయ్యి నా భుజం మీద పడ్డం అదే మొదలు. ఎందుకు పడిందో ఆలోచించే తీరిక ఆ పూట నాకు లేదు, నిచ్చెన ఊగుతోంది.

ఆ వారమే మందుల గదిలో సర్దుబాటు జరిగింది. ఒకాయనని చీటీలు రాసే బల్ల దగ్గరికి పంపారు. ఇంకొకాయనని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, హాల్లో ఎంతమంది తృప్తిగా ఉన్నారో ఎక్కించమన్నారు. మూడో ఆవిడని గోడౌనులో ఖాళీ అట్టపెట్టెలకి కాపలా పెట్టారు. మిగిలింది ఒక్కావిడ. హాలంతా ఆవిణ్ణి మందులక్క అంటుంది.

కిటికీలు మాత్రం నాలుగూ తెరిచే ఉన్నాయి! నాలుగింటి మీదా లైటు వెలుగుతోంది. "అన్ని కౌంటర్లూ పనిచేయుచున్నవి" అని గోడకి అట్ట కూడా వేలాడదీశారు. అబద్ధమని నిరూపించండి చూద్దాం. ఒకటో కిటికీలో మందులక్క తల కనిపిస్తుంది, మాయమవుతుంది. రెండో కిటికీలో కనిపిస్తుంది, మాయమవుతుంది. మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. నాలుగు చేతులు నాలుగు చీటీలు లోపలికి చాపితే నాలుగూ అందుకునేది ఆవిడే. చెప్పులతో పరిగెత్తడం కుదరక విడిచి అలమర కింద పెట్టేసింది. కుర్చీలు నాలుగూ అడ్డమని గోడకి ఆనించేసింది.

దీన్ని కొందరు దోపిడీ అంటున్నారు. నేను వైద్యం అంటాను. డబ్బులు పోసి జిమ్ములో నడిచేవాళ్ళున్నారు. మందులక్కకి జీతమిచ్చి మరీ నడిపిస్తున్నారు. మొన్న కళ్ళు తిరిగి రెండో కిటికీ చువ్వ పట్టుకుంది కదా అంటారా? పట్టుకోవడానికి చువ్వ పెట్టించింది ఎవరు? సర్కారు కాదూ?

ఈ సూత్రాన్ని మందుల గదికే వదిలేస్తే మనకి బుద్ధి లేనట్టే. నాలుగు తరగతులకి ఒక్క పంతులు చాలు, కారిడార్లో పరిగెత్తే వేగం ఉంటే. నాలుగు వార్డులకి ఒక్క నర్సు. నలుగురు రోగులకి ఒక్క మంచం, రెప్పపాటులో మారుస్తూ ఉంటే ప్రతివాడూ తానే పడుకున్నాననుకుంటాడు. బస్సుకి నాలుగు చక్రాలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక్కటి కొని, నాలుగు మూలలా తిప్పుతూ ఉంటే సరిపోదా?

ఇదంతా ఉత్సాహంగా ఇంట్లో చెబితే మా ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపకుండా అంది: "పొయ్యి, పిల్లల బడి, నా కుట్టుమిషను, మీ అమ్మ కాళ్ళనొప్పి. నేను పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే తిరుగుడు. నాకెవరూ ఎర్రబోర్డు పెట్టలేదే."

ఆవిడకి సైన్సు తెలీదు. వదిలేయండి.

సైన్సులో రెండు చిన్న చిక్కులున్నాయి, దాచడం నాకు చేతకాదు. మొదటిది వెలుగు. ప్రతి అంకె నాలుగింట మూడొంతుల కాలం ఆరిపోయి ఉంటుంది కాబట్టి మసగ్గా కనిపిస్తుంది. దానికి మందు, వెలిగే ఆ కాస్తసేపూ మామూలుకన్నా ఎక్కువ కరెంటు తొయ్యడం. సూపరింటెండెంటు గారు ఇదీ గ్రహించారు. మందులక్కకి కాగితం పంపారు: సిబ్బంది మరింత ఉత్సాహం కనబరచవలెను. అదే కరెంటు ఒక్క అంకె మీద ఆగకుండా తోస్తే అది మాడిపోతుందని కూడా నేను చెప్పి ఉండాల్సింది. కానీ ఆయన అప్పటికే టీ గ్లాసు ఇచ్చేసి వెళ్ళిపోయారు.

రెండోది నీడ. మొదట బోర్డు వెలిగించినప్పుడు ఎనిమిది పక్కనున్న ఒకటి మీద ఆ ఎనిమిది నీడ సన్నగా పడింది. ఒకటో ఎనిమిదో తెలియని దయ్యపు అంకె ఏదో కనిపించింది. ఎందుకంటే మొదటిదాన్ని పూర్తిగా ఆర్పకుండా రెండోదానికి దూకాను. పాత గీతలు కొత్త అంకెలోకి కారిపోయాయి. దీనికి మందు చాలా తేలిక. ఒకటి ఆర్పాక, అన్నీ చీకటి చేసి, వెంట్రుకవాసి ఆగి, అప్పుడు రెండోది వెలిగించాలి. ఆ వెంట్రుకవాసి చీకటి లేకపోతే ఎంత ఖరీదైన బోర్డైనా తప్పే చూపిస్తుంది. ప్రోగ్రాములో ఆ విరామం రాశాను. నీడ పోయింది.

బోర్డుకి రాశాను. మందులక్కకి ఎవరూ రాయలేదు.

మా పిన్నికి రక్తపోటు. రెండో కిటికీ దగ్గర నిలబడింది. మూడో కిటికీలో ఒక పెద్దాయన, చక్కెర జబ్బు. రెండు చీటీలూ ఒకే గుక్కలో అందుకుని, రెండు మందులూ ఒకే గుప్పిట్లో తెచ్చి, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేకుండా, మందులక్క మూడో కిటికీ మందు రెండో కిటికీలో పడేసింది. పిన్ని ఇంటికెళ్ళి వేసుకుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, గుమ్మం దగ్గర కూలబడిపోయింది. బాబాయి ఏమీ తోచక, పక్కింటావిడ చెబితే, చక్కెర నీళ్ళు తాగించాడు. మనిషి దక్కింది. రెండు కిటికీలు, ఒక్క నీడ. అంతే జరిగింది.

ఆ పెద్దాయన సంగతంటారా? ఆయన మాత్ర రంగు చూసి వెనక్కి తెచ్చిచ్చాడు. కళ్ళు బాగున్నవాడు, అదృష్టం.

ఇక విచారణ. పిన్నినీ బాబాయినీ పిలిచారు. బోర్డు చేసినవాణ్ణి కనక నన్నూ సాక్షిగా పిలిచారు. గది మూల మందులక్క నిలబడింది. కూర్చోమనలేదు ఎవరూ, ఆవిడకీ కూర్చోవడం అలవాటు తప్పింది. బల్ల మీద ఫిర్యాదు టైపు చేసి సిద్ధంగా ఉంది. మందులిచ్చు ఉద్యోగిని నిర్లక్ష్యం వలన, అని మొదలవుతుంది. కింద సంతకానికి చోటు.

సూపరింటెండెంటు గారు నావైపు తిరిగారు. "బోర్డు సరిగ్గానే పనిచేసిందా?"

"పిన్ని నంబరు ఎర్రగా, స్పష్టంగా వచ్చింది సార్. బోర్డు తప్పేం లేదు."

"చూశారామ్మా. అంటే మనిషిదే తప్పు. ఇక్కడ సంతకం పెట్టండి."

పిన్ని కలం తీసుకోలేదు. మందులక్క వైపు చూసింది.

"ఏమ్మా, ఆ పూట ఏమన్నా తిన్నావా?"

"ఇంటికెళ్ళాక తిన్నానమ్మా" అంది మందులక్క. "నన్ను క్షమించండి. రెండు చీటీలూ చేతిలోనే ఉన్నాయి. ఏది ఎవరిదో ఒక్క క్షణం..."

"ఆ ఒక్క క్షణం నీకిచ్చిందెవరులే" అంది పిన్ని. సూపరింటెండెంటు గారి వైపు తిరిగింది. "నాయనా, ఈవిడ పరిగెత్తింది, నిజమే. పరిగెత్తమన్నవాడి పేరు రాసి తీసుకురా. ఆ కాగితం మీద నేను రెండు సంతకాలు పెడతాను. ఒకటి నాది, ఒకటి మా ఆయనది."

"నాది నేను పెట్టుకోగలను" అన్నాడు బాబాయి.

"నువ్వు పెడితే వంకరగా వస్తుంది, ఊరుకో."

సూపరింటెండెంటు గారు చిరునవ్వు తెచ్చుకున్నారు. ఇల్లు చేరాక ఆలోచించుకోమన్నారు. సోమవారందాకా గడువు ఇచ్చారు. ఆలోగా పిన్ని సంతకం పెట్టకపోయినా తామే చర్య తీసుకోగలమన్నారు. మందులక్కని మళ్ళీ కిటికీలకి పంపేశారు, అప్పటికే హాల్లో చేతులు నాలుగు కిటికీల్లోంచీ లోపలికి వచ్చేసి ఉన్నాయి.

చూశారా, ఎక్కడా బోర్డు తప్పు లేదు. ఇక్కడితో నా వాదన ముగించాల్సింది. కానీ బోర్డు నాది. సాక్ష్యం చెప్పినవాడు సాక్ష్యాన్ని శుభ్రంగా ఉంచాలి కదా. సోమవారం పొద్దున మరమ్మతు పేరు చెప్పి ల్యాప్‌టాపూ వైరూ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. నిచ్చెన ఎక్కి వైరు గుచ్చాను. ప్రోగ్రాములో ఒకే ఒక్క చోట, ఒకే ఒక్క అంకె మార్చాను. ఒక్కో అంకె మీద ఎంతసేపు ఆగాలి అనే అంకె అది. దాన్ని పెద్దది చేశాను.

హాలంతా ఎప్పట్లాగే తలెత్తి బోర్డు చూస్తోంది.

బోర్డు మీద నాలుగంకెలు పోయాయి. ఒక్కటే మిగిలింది. ఎడమ చివర ఒక అంకె వెలిగింది, ఆరింది. దాని పక్కది వెలిగింది, ఆరింది. మూడోది. నాలుగోది. మళ్ళీ ఎడమ చివరికి. ఒక ఎర్రదీపం ఆయాసపడుతూ అటూ ఇటూ తిరుగుతున్నట్టుంది. సరిగ్గా దాని కింద, ఒకటో కిటికీలో మందులక్క తల కనిపించింది, మాయమైంది. రెండో కిటికీలో కనిపించింది, మాయమైంది.

ముందు వరసలో ఒక ముసలాయన మెడ కిందికి దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"పైనా కిందా ఒకటే బొమ్మ నడుస్తోందేమిటి?"

"ఉన్నది ఒక్కతేనా?" అంది వెనకనుంచి ఒకావిడ. "నలుగురున్నారనుకున్నానే నేను. వాళ్ళంతా ఒకే పోలిక, అక్కచెల్లెళ్ళేమో అనుకున్నా."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

మొదట లేచింది మా పిన్నే. మందు తీసుకోవాలి కదా, ఆవిడా వచ్చింది. నేరుగా ఒకటో కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి తల పెట్టింది.

"అమ్మాయ్, గోడకి ఆనించిన కుర్చీ ఒకటి ఇటు లాక్కో. కూర్చో. నువ్వు రాకు, మేమే వస్తాం."

ఆవిడ వెనక ముసలాయన నిలబడ్డాడు. ఆయన వెనక అక్కచెల్లెళ్ళ ఆవిడ. మిగతా మూడు కిటికీల దగ్గరున్నవాళ్ళు చేతులు వెనక్కి తీసుకుని వచ్చి ఈ వరసలో చేరారు. ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు. బోర్డుకేసి ఎవరూ చూడలేదు, నా మనసు కొంచెం చివుక్కుమంది, దాచను. వరస హాలు దాటింది. వరండా దాటింది. సూపరింటెండెంటు గారి గుమ్మం ముందునుంచి వెళ్ళి, ఆయన కారు చుట్టూ ఒక మెలిక తిరిగి, గేటు బయట రోడ్డెక్కింది. ఒక్క మనిషి పనికి అసలు పొడవు ఎంతో ఊరు చూసింది. మందులక్క ఒక్కో చీటీ తీసుకుని, చదివి, మందు తెచ్చి, పేరు పిలిచి, ఇచ్చి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు రెండో చీటీ తీసుకుంది.

సూపరింటెండెంటు గారు బయటికి వచ్చారు. కారు తీయడానికి లేదు. వరసని చూశారు, బోర్డుని చూశారు, నన్ను చూశారు.

"ఏమయ్యా, నీ బోర్డు చెడిపోయింది. ముందు దాన్ని బాగుచెయ్యి."

"చెడిపోలేదు సార్. నెమ్మదించింది. నెమ్మదిస్తే తెలిసిపోతుందని మీకు ఆరోజే మనవి చేశాను."

ఇప్పటి పరిస్థితి ఇది. మెమో ఇంకా పరిశీలనలో ఉందట. వరస మాత్రం రోజూ రోడ్డెక్కుతూనే ఉంది. కారు ఇప్పుడు గేటు బయటే ఆపుకుంటున్నారు. నిన్న అట్టపెట్టెల కాపలా ఆవిడ గోడౌనునుంచి వచ్చి రెండో కిటికీలో కుర్చీ వేసుకుంది. కిటికీల్లో ఎంతమంది ఉంటే బోర్డు మీద అన్నే అంకెలు, అదీ నా లెక్క. ఆ సాయంత్రమే వెళ్ళి ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడు బోర్డు మీద అంకెలు రెండు వెలుగుతున్నాయి.

మిగతా రెండంకెలూ ఎక్కడున్నాయని రోగులు నన్ను అడుగుతున్నారు. ఒకటి చీటీల బల్ల దగ్గర ఉంది. ఇంకొకటి కంప్యూటరు ముందు కూర్చుని మీరందరూ తృప్తిగా ఉన్నారని ఎక్కిస్తోంది. రెంటినీ కిటికీల్లోకి పంపండి సార్, బోర్డు ఆ పూటే బాగైపోతుంది. నిచ్చెన అక్కడే వదిలేసి వచ్చాను.